రహదారి సహవాసము

విశాఖపట్టణము నుండి సబ్బవరము మీదుగా చోడవరము చేరి, అచ్చటినుండి మాడుగుల దాటి పాడేరు కనుమనెక్కు మార్గము మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారమునకు చెరకు మోసిన బండ్లు, అనకాపల్లి విపణికి బెల్లము చేర్చిన బండ్లు, సంతలకు దిగివచ్చు గిరిజనులు, స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శింపవచ్చు భక్తులు, వీరందరును చోడవరము వీధులకు చిరపరిచితులు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు ఈ పట్టణము విశాఖపట్టణము జిల్లాలోనిదే. కాని ఇటీవలి సంవత్సరములలో ఈ మార్గమున మరియొక తెగ బాటసారులు కానవచ్చుచున్నారు. శీతకాలపు సెలవు దినములందు తెల్లవారకమునుపే పదిమంది, ఇరువదిమంది గుంపుగా మోటారు సైకిళ్లపై బయలుదేరి లంబసింగి మంచును, వంజంగి కొండపై మేఘములను చూచివచ్చుట వీరికి వేడుక.

యంత్రముపై దూరయాత్ర చేయుట నేడు లోకమంతట ఒక ఉత్సాహము. ఆ ఉత్సాహమును తమ విశ్వాసముతో ముడివేసికొన్నవారిలో క్రైస్తవ మోటారు సైకిలు యాత్రికులు ముఖ్యులు. దీర్ఘయాత్రలు చేయుట, ఏటేట ఒకచోట కూడుట, కలసి ప్రార్థించుట, కలసి భుజించుట వీరి పద్ధతి. దీనికి వారు పెట్టుకొన్న పేరు సహవాసము. వినుటకు ఇది వినోదవార్తవలె తోచును. కాని మన రహదారులపై ప్రతిదినము జరుగుచున్న ప్రాణనష్టము నెరిగినవారికి ఈ సహవాసమన్న మాట యొక పెద్ద ప్రశ్నగా నిలుచును. దారిలో ఎవరెవరు కలసి పోవుచున్నారన్నది చిన్న సంగతి. దారి ప్రక్కను పడిపోయినవానికి వారేమగుదురన్నదియే అసలు సంగతి.

ముందుగా ఈ యాత్రికుల పూర్వ వృత్తాంతమును కొంత తెలిసికొందము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరము, 1946లో, ఇటలీ దేశమున కాస్తెల్లాత్సో బోర్మిదా అను చిన్న పట్టణమున మోటారు సైకిలు వారు మరియమాత దేవాలయమునొద్ద సమావేశమైరి. 1947లో పన్నెండవ పయస్ పోపు ఆ క్షేత్రమాతను మోటారు సైకిలు వారికి సంరక్షకురాలిగా ప్రకటించెను. గ్రీకు పురాణములలో సగము నరుడు, సగము గుఱ్ఱము అయిన ప్రాణిని సెంటారు అందురు. వాహనముతో ఏకమైపోవు ఈ సవారులకు ఇటలీవారు ఆ పేరే పెట్టిరి. నాటినుండి ఆ పట్టణము యూరపు నలుమూలల సవారులకు యాత్రాస్థలమైనది.

ఇంగ్లండులోని కథ మరియొక తీరు. లండను తూర్పు భాగమున హాక్నీ విక్ అను పేదపేటలో 1959లో జాన్ ఓట్స్ అను యువ పాదిరి యువకులకై యొక సంఘమును స్థాపించెను. స్థాపించిన యేటినిబట్టి దానికి ఫిఫ్టీనైన్ క్లబ్బు అని పేరు వచ్చెను. ఆ కాలమున తోలుచొక్కాలు తొడిగి, మోటారు సైకిళ్లపై అతివేగముగా తిరుగు యువకులను సంఘము దుండగులుగా చూచెడిది. ఆ పేట దేవాలయపు పాదిరి బిల్ షెర్గోల్డు తానును మోటారు సైకిలు నడుపువాడే. 1962లో ఆయన ఆ యువకులు గుమిగూడు ఏస్ కెఫే అను ఉపాహారశాలకు భయపడుచునే పోయి, వారిని దేవాలయమునకు ఆహ్వానించెను. వారు తమ వాహనములతోనే వచ్చిరి. ఆ క్లబ్బులో మోటారు సైకిలు శాఖ అట్లు వెలసి, కొలది కాలముననే ప్రపంచములోని పెద్ద మోటారు సైకిలు సంఘములలో ఒకటయ్యెను. లోకము వెలివేసినవారి యొద్దకు తానే నడచిపోవుటలో షెర్గోల్డు పాదిరి గొప్పదనమున్నది.

అమెరికాలో 1975లో హెర్బ్ ష్రీవ్ అను పాదిరి క్రైస్తవ మోటారు సైకిలు సంఘమును ప్రారంభించెను. తనకు దూరమగుచున్న కుమారునికి మరల చేరువ కావలెనన్న తలపుతో ఆయన మోటారు సైకిలు కొని, వానితో కూడ యాత్రలు చేసెనని చెప్పుదురు. ఆ సంఘము అర్కాన్సాస్ రాష్ట్రములోని హాట్‌ఫీల్డు అను చిన్న ఊరు కేంద్రముగా పెరిగినది. ఏటేట సవారులు ఒక దినమున యాత్ర చేసి విరాళములు కూర్చి, ఆ ధనములో కొంతతో పేద దేశములలోని గ్రామ బోధకులకు మోటారు సైకిళ్లు, సైకిళ్లు కొనియిచ్చుట వారి కార్యక్రమములలో నొకటి. జర్మనీలోని హాంబర్గు నగరమున 1983లో సెయింట్ మైకేలు దేవాలయమున మోటారు సైకిలు వారి ఆరాధన ప్రారంభమైనది. వేలాది సవారులు పాల్గొన్న ఆ ఆరాధనలలో, రహదారిపై మరణించిన తోటి సవారులను స్మరించుట ముఖ్యమైన అంగమైనది.

ఈ నాలుగు ఉదాహరణములను కలిపి చూచినచో ఒక సంగతి స్ఫురించును. ఎచ్చటను యంత్రము ప్రధానము కాదు. ఒకచోట యాత్ర, ఒకచోట వెలివేతను తొలగించు ప్రయత్నము, ఒకచోట తండ్రి కొడుకుల పొత్తు, ఒకచోట మృతుల స్మరణ. యంత్రము నిమిత్తమాత్రము.

మన తెలుగునాట పరిస్థితి వేరు. పాశ్చాత్య దేశములలో మోటారు సైకిలు చాలవరకు విరామకాలపు వేడుక. ఇచ్చట అది బ్రదుకుతెరువు. దేశములో రిజిస్టరైన వాహనములలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు రెండు చక్రములవే. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు కంపెనీ స్థాపితమై, సైన్యమునకై తయారుచేయ నారంభించిన బుల్లెట్టు వాహనము, ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 ప్రాంతమున మూతపడిన పిమ్మటను ఇచ్చట బ్రదికినది. నాడు అది పోలీసు అధికారికి, మోతుబరికి గౌరవచిహ్నము. నేడు పాలు పోయువాడును, పాఠశాలకు పోవు ఉపాధ్యాయుడును, కూలికి పోవు దంపతులును రెండు చక్రములపైననే పోవుచున్నారు.

మన పల్లెలలో క్రైస్తవ మోటారు సైకిలు యాత్రికుడెవరని అడిగినచో, మొట్టమొదట చెప్పవలసినవాడు గ్రామ సంఘకాపరి. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను లండన్ మిషనరీలు విశాఖపట్టణమున దిగిన కాలమున బోధకులకు పల్లకియు, పడవయు, కాలినడకయు గతి. దోర్నకల్లు బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయకం సామ్యూల్ అజరయ్య ఎద్దుబండిపై పల్లెలు తిరిగెను. తరువాత సైకిలు వచ్చెను. ఇప్పుడు మోటారు సైకిలు వచ్చెను. ఒక్కొక్క కాపరి రెండు మూడు ఊళ్లలోని చిన్న సంఘములను చూచుకొనుట సామాన్యము. ఉదయమొక ఊర ఆరాధన, మధ్యాహ్నమొక ఊర ఉపవాస ప్రార్థన, సాయంకాలమొక ఇంట కుటుంబ ప్రార్థన, రాత్రి మరియొక ఊర సువార్త కూటము. ఇన్నింటికిని ఆయనను మోయునది ఆ పాత వాహనమే. ప్రపంచములోని సంఘములు సరదా యాత్రల విరాళములతో కొనియిచ్చు వాహనము ఎవని చేతికి చేరవలెనో, ఆ మనుష్యుడితడే.

ఇచ్చటనే కష్టమున్నది. సువార్త కూటములు రాత్రి పొద్దుపోవువరకు సాగును. ప్రసంగించి అలసిన మనిషి, అర్ధరాత్రి వేళ, దీపములు లేని దారిపై, కునికిపాట్లు పడుచు ఇల్లు చేరవలెను. ఎదుట బండి దీపము కన్నులలో కొట్టును. గేదె అడ్డము వచ్చును. గొయ్యి కానరాదు. భీమునిపట్టణము నుండి నర్సీపట్టణము పోవు రహదారి చోడవరము మీదుగానే పోవును. ఆ దారి ఏండ్ల తరబడి గోతులతో వాహనదారులను బాధించిన సంగతి ఈ ప్రాంతపు పాఠకులకు ఒకరు చెప్పనక్కరలేదు. వర్షాకాలమున నీరు నిండిన గొయ్యి లోతు చక్రము దిగిన పిమ్మట గాని తెలియదు. కారువానికి అది కుదుపు. రెండు చక్రములవానికి అది ప్రాణము.

కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన లెక్కలు చూడుడు. 2022లో దేశమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందులో 74,897 మంది రెండు చక్రముల వాహనములపై పోవుచుండినవారు. నూటికి నలుబదినలుగురికి మించిన లెక్క ఇది. దినమునకు ఇన్నూరుమందికి పైగా. శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. వీరిలో వాహనము నడిపినవారు 35,692 మంది. వెనుక కూర్చుండినవారు 14,337 మంది. ఈ చివరి సంఖ్యను ఉపాధ్యాయులు, విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. వెనుక కూర్చుండువారెవరు? భార్య, తల్లి, చెల్లెలు, స్నేహితుడు. ఆదివారము ఆరాధనకు పోవు కుటుంబమును చూడుడు. భర్త తలపై హెల్మెట్టు ఉండవచ్చును, పోలీసు భయముచేత. వెనుక ఒకవైపుకు కూర్చుండిన భార్యకు అది లేదు. ఆమె ఒడిలోని బిడ్డకు అది లేదు. మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను నడుపువానిని మాత్రమే కాక వెనుక కూర్చుండువానిని కూడ శిరస్త్రాణము ధరింపుమనుచున్నది. చట్టము ఇద్దరిని సమానముగా చూడగా, ఇంటి యజమాని మాత్రము తన తలయే తలయని భావించుట ఏమి న్యాయము?

దూరయాత్రలు చేయు బృందముల వద్ద ఈ విషయమున నేర్చుకొనదగినది కలదు. వారి యాత్రకు ఒక నియమావళి ఉండును. ముందు నడచు సవారి దారి తెలిసినవాడు. చిట్టచివర నడచు సవారి అనుభవము గలవాడు. పనిముట్లు, మందులు అతనియొద్ద ఉండును. నడుమ పోవువారు ఒకరి వెనుక ఒకరు సూటిగా గాక, కొంచెము ప్రక్కగా, ఎడము పాటించి పోవుదురు. బృందపు వేగమును నిర్ణయించునది అందరిలో మెల్లగా పోవువాడు. ఎవని బండి ఆగినను చివరి సవారి ఆగును. అతడు ఒక్కనిని కూడ వెనుక విడిచి ముందుకు పోరాదు. సంఘజీవనమునకు ఇంతకంటె చక్కని పాఠమును ఏ తరగతిలో చెప్పగలము?

అయితే ఈ వేడుకలలో దోషములు లేవనుట సత్యము కాదు. సైలెన్సరును మార్చి ఊరిని అదరగొట్టు యువకులు కలరు. మేఘములను చూడబోయి కొండపై చెత్త విడిచివచ్చువారు కలరు. గిరిజనుల పల్లెలను ప్రదర్శనశాలగా భావించి, అడుగకయే వారి ఛాయాచిత్రములు తీయువారు కలరు. ఊరేగింపుల సంగతి అంతకంటె విచారింపదగినది. రాజకీయ పక్షమేదైనను, మతమేదైనను, నేడు బలప్రదర్శనకు మోటారు సైకిళ్ల ఊరేగింపు సులభసాధనమైనది. జెండాలు కట్టి, దారినంతయు ఆక్రమించి పోవు ఊరేగింపు వెనుక ఒక ఆంబులెన్సు నిలిచిపోయినచో, ఆ ఊరేగింపు ఏ దేవుని పేర జరిగినను, అందు భక్తి లేదు. క్రైస్తవ బృందములకు ఇది విశేషముగా వర్తించును. వారు సహవాసమను మాటను తమ గుర్తుగా పెట్టుకొన్నారు గదా! అది తమ గుంపులోనివారికి మాత్రమే పరిమితమైనచో సహవాసము కాదు, ముఠా.

ఇటీవలి ఒక విషాదమును ఇచ్చట స్మరింపక తప్పదు. 2025 మార్చి 24న తెలుగు క్రైస్తవ బోధకుడు ప్రవీణ్ పగడాల హైదరాబాదు నుండి రాజమహేంద్రవరమునకు బుల్లెట్టుపై ఒంటరిగా బయలుదేరెను. గమ్యమునకు చేరువలో, కొంతమూరు వద్ద, మరునాటి ఉదయమున ఆయన మృతదేహము దారి ప్రక్కను కానవచ్చెను. ఆ మరణముపై అనుమానములు చెలరేగెను, ఆందోళనలు జరిగెను. దర్యాప్తు పిమ్మట పోలీసులు అది రహదారి ప్రమాదమని ప్రకటించిరి. ఆ వాదముల జోలికి పోవుట ఈ వ్యాసపు పని కాదు. ఒక్క సంగతి మాత్రము అందరును అంగీకరింతురు. ఆ దారిన వాహనములు పోవుచునేయుండగా, తెల్లవారువరకు ఒక మనిషి అచ్చట పడియుండెను. చీకటిలో కానరాక పోయియుండవచ్చును. కాని అట్లు కానరాక, లేక కనియు ఎవరును ఆగక, మన దారుల ప్రక్కను కడతేరువారెందరో!

క్రైస్తవులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. లూకా సువార్తలోని మంచి సమరయుని కథ రహదారి కథయే. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవు దారిలో దొంగలు కొట్టి విడిచిన మనుష్యుని చూచి యాజకుడొకడు, లేవీయుడొకడు తప్పుకొనిపోయిరి. అన్యజాతివాడని యూదులు తక్కువగా చూచు సమరయుడు ఆగెను. గాయములు కట్టెను. తన వాహనముపై వానిని ఎక్కించెను. సత్రమునకు చేర్చి, ఖర్చుకు రెండు దేనారములు ఇచ్చెను. ఈ కథ చెప్పబడినది పొరుగువాడెవడన్న ప్రశ్నకు సమాధానముగా. ఒకే మతమువాడు, ఒకే జాతివాడు పొరుగువాడని కథ చెప్పలేదు. ఆగినవాడే పొరుగువాడు.

తప్పుకొనిపోయిన ఇరువురును క్రూరులని మనము తలపనక్కరలేదు. వారికిని భయములుండియుండును. మనకును భయములున్నవి. పోలీసు ఠాణాకు పిలుతురేమో, నేరము నెత్తిన వేయుదురేమో, కోర్టుచుట్టు త్రిప్పుదురేమో, ఆసుపత్రివారు డబ్బు కట్టుమందురేమో! ఈ భయములు చాలకాలము నిరాధారములు కావు. కాని నేడు స్థితి మారినది. సేవ్ లైఫ్ ఫౌండేషను వేసిన వ్యాజ్యమున 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, క్షతగాత్రునికి సాయపడినవానిని వేధింపరాదను మార్గదర్శకములకు చట్టబలము కల్పించెను. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున 134ఎ సెక్షను చేరినది. సదుద్దేశముతో సాయపడినవానిపై, తరువాత గాయపడినవాడు మరణించినను, వ్యాజ్యము నడువదు. తన పేరు చెప్పవలెనన్న నిర్బంధము కూడ లేదు. చట్టము అట్టివానికి పెట్టిన పేరు మంచి సమరయుడనియే. ఒక మతగ్రంథములోని బాటసారి లౌకిక రాజ్యపు చట్టములో స్థానము పొందుట ఆసక్తికరమైన సంగతి గదా!

మరియు 2021లో కేంద్ర ప్రభుత్వము, క్షతగాత్రుని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవానికి 5,000 రూపాయల బహుమానము ప్రకటించెను. 2025లో దానిని 25,000 రూపాయలకు పెంచెను. ఆ సంవత్సరముననే ప్రమాదబాధితునికి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలవరకు నగదు చెల్లింపు లేని చికిత్స కల్పించు పథకమును అమలులోనికి తెచ్చెను. సమరయుని రెండు దేనారములు నేడు ప్రభుత్వము తానే ఇచ్చెదనన్నది. ఇంకను లోపించినది ఆగువాడు మాత్రమే.

ఆగినవాడు ఏమి చేయవలెనో కూడ తెలిసియుండవలెను. సమరయునివలె క్షతగాత్రుని వెంటనే వాహనముపై ఎక్కించుట నేడు తగదు. వెన్నెముకకు గాయమైనచో తొందరపడి లేవనెత్తుటచే కాళ్లు చేతులు శాశ్వతముగా పడిపోవచ్చును. మొదట దారిలో వచ్చు వాహనములను ఆపి, రెండవ ప్రమాదము జరుగకుండ చూడవలెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రముననే ఆరంభమైన 108కి ఫోను చేయవలెను. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. ఊపిరి ఆడుచున్నంతవరకు శిరస్త్రాణమును ఊడలాగరాదు. తెలివి తప్పినవానికి నీరు త్రాగింపరాదు. ఇవి వైద్యుడు మాత్రమే చేయగల పనులు కావు. తొమ్మిదవ తరగతి బాలుడు నేర్వగలవి.

కావున పాఠశాలలకు ఇందు పెద్ద పాత్ర కలదు. పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థి తండ్రి వాహనము తీసికొని కళాశాలకు పోవుట నేడు సామాన్యమైపోయినది. 2019 సవరణలోని 199ఎ సెక్షను ప్రకారము, మైనరు నేరమునకు సంరక్షకుడు మూడేండ్లవరకు కారాగారమునకును, 25,000 రూపాయల జరిమానాకును పాత్రుడగును. ఈ మాట తండ్రులలో ఎందరికి తెలియును? వారికి తెలుపగలవాడు ఉపాధ్యాయుడే. నెలకొక తరగతిని ప్రథమ చికిత్సకు కేటాయించినను చాలును. ఊరి ఆరోగ్యకేంద్రపు నర్సును పిలిచినచో రాకపోదు.

సంఘములకును చేయదగిన పనులు కలవు. కూటమును గంట ముందుగా ముగింపవచ్చును. పొద్దుపోయినచో దూరపు కాపరిని ఆ రాత్రి తమ ఇంటనే పరుండబెట్టవచ్చును. అతిథికి చాప పరచుట మన పల్లెలకు తెలియని మర్యాద కాదు. విరాళముతో కాపరికి వాహనము కొనియిచ్చునపుడు రెండు శిరస్త్రాణములను కూడ కొనియిచ్చుట మరువరాదు, రెండవది ఆయన ఇల్లాలికి. యాత్రాబృందములు తమలో నలుగురికైనను ప్రథమ చికిత్స నేర్పించి, పండుగలకు, తీర్థములకు, జాతరలకు జనము కదలు దినములందు దారిపై సేవ చేసినచో, ఆ దినమున పడినవాడు గుణదల మాత యుత్సవమునకు పోవువాడైనను, సింహాచలము చందనోత్సవమునకు పోవువాడైనను, దర్గా ఉరుసుకు పోవువాడైనను, వారికొక్కటే.

రహదారిని బాగుచేయుట ప్రభుత్వపు విధి. దానిని అడుగుట ప్రజల హక్కు. ఏ సహవాసమును ఈ విధికి బదులు కాజాలదు. కాని గొయ్యి పూడువరకు, దీపము వెలుగువరకు, ఆ దారిన పోకతప్పదు గదా. అందాక మనకు కావలసినది ముందు పోవు వీరుడు కాడు. చిట్టచివర మెల్లగా వచ్చుచు, పడినవానిని చూచి బండి ఆపు ఆ కడపటి సవారి.